హెల్త్‌కేర్, మార్కెటింగ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్: ఎంబీఏ వైపు చూస్తున్న వాళ్ళకి మొదటి నుంచి చివరి దాకా

బీఫార్మసీ అయిపోయింది, లేదా బీడీఎస్, నర్సింగ్, ఫిజియో అయిపోయింది, ఇంట్లో వాళ్ళు తర్వాత ఏంటి అంటున్నారు, ఫ్రెండ్ ఒకడు కెనడా వెళ్ళి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చేస్తానంటున్నాడు, కజిన్ అమెరికాలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ చేసింది, కన్సల్టెన్సీ ఆయన మాత్రం మార్కెటింగ్ అయితే సీటు ఈజీగా వస్తుంది అంటున్నాడు. ఈ పరిస్థితిలో ఉన్న వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. బీటెక్, బీకామ్ వాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. "ఏ కోర్సు మంచిది" అని మొదలుపెడితే ఎక్కడికీ తేలదు. రేపు రోజూ పొద్దున్నే వెళ్ళి ఏ పని చేస్తారు, ఆ పని మీకు నచ్చుతుందా, ఆ పనికి తీసుకునే వాళ్ళు ఏ డిగ్రీ అడుగుతున్నారు అని వెనక నుంచి ముందుకి రండి. కింద ఉన్న స్టెప్పులన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

స్టెప్ 1: కోర్సు పక్కనపెట్టి ముందు పని చూడండి

దీనికి ఒక నెల పట్టినా పర్లేదు, మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ అంటే చాలామందికి ఏసీ రూమ్‌లో కూర్చుని హాస్పిటల్ నడపడం అని ఊహ. అసలు పని ఎలా ఉంటుందంటే, పొద్దున్న రాగానే ఎన్ని బెడ్లు నిండాయి, ఐసీయూలో ఖాళీ ఉందా, ఇవాళ ఎన్ని డిశ్చార్జిలు, నిన్న రాత్రి ఎమర్జెన్సీలో అటెండెంట్లు ఎందుకు గొడవపడ్డారు, ఆరోగ్యశ్రీ అప్రూవల్ ఎక్కడ ఆగింది, ఇన్సూరెన్స్ వాళ్ళు క్వెరీ పెడితే డాక్టర్ గారు రిప్లై ఇచ్చారా, లిఫ్ట్ రిపేర్ ఏమైంది, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. పేషెంట్ కోపంగా ఉంటాడు, పేషెంట్ తమ్ముడు ఇంకా కోపంగా ఉంటాడు, సీనియర్ డాక్టర్‌కి టైమ్ ఉండదు, నర్సింగ్ ఇన్‌ఛార్జ్ దగ్గర స్టాఫ్ ఉండరు. వీళ్ళందరి మధ్యలో నిలబడి ఓపిగ్గా పని కానివ్వాలి. ఇందులో ఒక తృప్తి ఉంది, మీరు సరిచేసిన ఒక చిన్న పద్ధతి వల్ల రోజుకి ఇరవై కుటుంబాలు రెండు గంటలు ముందే ఇంటికెళ్తాయి, అది కళ్ళ ముందే కనిపిస్తుంది. కానీ మనుషులతో పడటం ఇష్టం లేకపోతే ఈ లైన్ వద్దు.

దీనిలోనే ఇంకో కొమ్మ క్వాలిటీ, అంటే ఎన్ఏబీహెచ్ అక్రెడిటేషన్ (హాస్పిటల్ నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) పని, ఆడిట్లు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ లెక్కలు, డాక్యుమెంట్లు. నర్సింగ్ వాళ్ళు, బీడీఎస్ వాళ్ళు ఇందులో బాగా రాణిస్తారు, ఎందుకంటే వార్డులో ఏం జరుగుతుందో వాళ్ళకి ముందే తెలుసు.

మార్కెటింగ్‌లో రెండు దారులు. ఒకటి ఫార్మా. మెడికల్ రెప్‌గా మొదలై ఏరియా మేనేజర్ అవుతారు, లేదా ఎంబీఏ ఉంటే ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ టీమ్‌లోకి వెళ్తారు, అక్కడ ఒక బ్రాండ్‌కి సంవత్సరం ప్లాన్, రెప్‌ల చేతికిచ్చే మెటీరియల్, సేల్స్ డేటా చూడటం ఇవన్నీ. రెండోది హాస్పిటల్ మార్కెటింగ్, అంటే కార్పొరేట్ కంపెనీలతో హెల్త్ చెకప్ ఒప్పందాలు, జిల్లాల్లో క్యాంపులు, డిజిటల్, విదేశీ పేషెంట్ల డెస్క్. రెండింటికీ రూల్స్ గట్టిగా ఉన్నాయి, ఇవి తెలుసుకోకుండా ఈ లైన్‌లోకి రావద్దు. 2024 మార్చిలో కేంద్రం కొత్త ఫార్మా మార్కెటింగ్ కోడ్ తెచ్చింది, దాని ప్రకారం డాక్టర్లకి గిఫ్టులు, వాళ్ళకి వాళ్ళ కుటుంబాలకి టూర్లు ఇవ్వకూడదు. డాక్టర్లు రిఫరల్‌కి కమిషన్ తీసుకోవడం 2002 మెడికల్ ఎథిక్స్ రెగ్యులేషన్స్ ప్రకారం తప్పు. ఫలానా జబ్బు నయం చేస్తాం అని యాడ్ ఇచ్చేటప్పుడు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉందని గుర్తుండాలి. ఇంటర్వ్యూలోనే "రిఫరల్ డాక్టర్లని చూసుకోవాలి" అని మెత్తగా చెప్పి, చేరాక కవర్లు పంచమనే చోట ఉండకండి. ఆ డబ్బు చివరికి పేషెంట్ బిల్లులోనే చేరుతుంది.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనేది మిగతా రెండిటిలాంటి రంగం కాదు, ఏ రంగంలోనైనా వాడే పనితనం. హెల్త్‌కేర్‌లో దీనికి మూడు చోట్ల పని ఉంది. కొత్త హాస్పిటల్ లేదా కొత్త బ్లాక్ కట్టేటప్పుడు: మెడికల్ గ్యాస్ లైన్లు, ఆపరేషన్ థియేటర్ ఏసీ, ఎక్స్‌రే, సీటీ, క్యాథ్‌ల్యాబ్‌కి ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి, అల్ట్రాసౌండ్ స్కానింగ్ మెషిన్‌కి పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్ఓసీ, పొల్యూషన్ బోర్డు, వీటిలో ఒక్కటి లేటయినా ఓపెనింగ్ డేట్ వెనక్కి జరుగుతుంది. రెండోది ఐటీ: హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ మార్చడం, ఆభా నంబర్‌తో (కేంద్రం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ) లింక్ చెయ్యడం. మూడోది హైదరాబాద్‌కి బాగా కలిసొచ్చినది, నోవార్టిస్, సనోఫీ లాంటి ఫార్మా కంపెనీల ఆఫీసులు, ఆప్టమ్ లాంటి హెల్త్ సర్వీసెస్ కంపెనీలు ఇక్కడ ఉన్నాయి కదా, వాటిలో క్లినికల్ ట్రయల్స్, డేటా, రెగ్యులేటరీ ప్రాజెక్టులు నడిపించే వాళ్ళు కావాలి.

అయితే ఒక మాట. అనుభవం లేని ఫ్రెషర్‌కి ఎవరూ ప్రాజెక్ట్ అప్పగించరు. కోఆర్డినేటర్‌గానో, పీఎంఓ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీస్) అనలిస్ట్‌గానో మొదలవ్వాలి. అందుకే డిగ్రీ అవ్వగానే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చెయ్యమని నేను ఎవరికీ చెప్పను. రెండు మూడేళ్ళు ఏదో ఒక రంగంలో పని చేసి, అప్పుడు దానికి ఇది జోడిస్తే విలువ వేరు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, ఈ మూడు పనుల్లో ఉన్న వాళ్ళని ఇద్దరిద్దరిని పట్టుకుని మాట్లాడండి, లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ సీనియర్లు దొరుకుతారు. జీతం ఎంత అనేది చివర్లో అడగండి, ముందు "నిన్న మీ రోజు ఎలా గడిచింది అన్నా, గంట గంటకి చెప్పు" అని అడగండి. తర్వాత జాబ్ పోర్టల్‌లో ఆ పోస్టుల ప్రకటనలు ఒక ముప్పై చదివి, ఏ డిగ్రీ, ఎంత అనుభవం, ఏ సాఫ్ట్‌వేర్ అడుగుతున్నారో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. ఏ కౌన్సెలర్ కంటే ఆ షీట్ మీకు ఎక్కువ చెప్తుంది.

స్టెప్ 2: డిగ్రీ పేర్ల గందరగోళం తేల్చుకోండి

ఎంబీఏ హెల్త్‌కేర్ అంటే మొదటి ఏడాది అందరితోపాటు అకౌంట్స్, ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, రెండో ఏడాది హాస్పిటల్ సబ్జెక్టులు. ఎంహెచ్ఏ, అంటే మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, మొదటి రోజు నుంచే హాస్పిటల్ చుట్టూ తిరుగుతుంది. రేపు హెల్త్‌కేర్ వదిలి వేరే రంగానికి వెళ్ళాలనిపించొచ్చు అనుకునే వాళ్ళకి ఎంబీఏ, హాస్పిటలే జీవితం అనుకునే వాళ్ళకి ఎంహెచ్ఏ. ఎంపీహెచ్ పబ్లిక్ హెల్త్, అది ప్రభుత్వ కార్యక్రమాలు, స్వచ్ఛంద సంస్థలు, రీసెర్చ్ వైపు వెళ్తుంది, దాన్ని వీటితో కలపొద్దు.

పీజీడీఎం అంటే యూనివర్సిటీ కాని సంస్థ ఇచ్చే డిప్లొమా, దానికి ఏఐసీటీఈ అనుమతి ఉండాలి, పీహెచ్‌డీకో ప్రభుత్వ ఉద్యోగానికో వాడుకోవాలంటే ఏఐయూ (యూనివర్సిటీల సంఘం) దాన్ని ఎంబీఏతో సమానంగా గుర్తించిందా లేదా చూసుకోవాలి. విదేశాల్లో పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అని ఎనిమిది నెలలది, ఏడాదిది అమ్ముతుంటారు, అది మాస్టర్స్ కాదు. ఈ తేడా తెలియకే చాలామంది అప్పులపాలవుతున్నారు, స్టెప్ 5లో వివరంగా చెప్తా.

స్టెప్ 3: ఇక్కడే చదవాలంటే ఎక్కడ

హైదరాబాద్ మన అదృష్టం, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు దేశంలో తక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్‌కేర్ అండ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ప్రత్యేకంగా ఎంబీఏ ఉంది, ఫీజు పరంగా చూసినా, క్యాంపస్ పరంగా చూసినా నేను మొదట చూడమనేది ఇదే. నిమ్స్‌లో మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఉంది, పెద్ద ప్రభుత్వ హాస్పిటల్ లోపల చదువుకోవడం అనేది వేరే అనుభవం. జూబ్లీహిల్స్‌లో అపోలో వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బయటికెళ్తే ముంబైలో టిస్, జైపూర్‌లో ఐఐహెచ్ఎంఆర్, ఈ రంగంలో ఈ రెండు పేర్లకి గౌరవం ఉంది. ఎంబీబీఎస్ వాళ్ళకి ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అని వేరే దారే ఉంది, నీట్ పీజీ ద్వారా.

బీఫార్మసీ వాళ్ళు నైపర్ మర్చిపోవద్దు. బాలానగర్‌లో ఉన్న నైపర్ హైదరాబాద్‌లో ఎంబీఏ ఫార్మా ఉంది, దానికి నైపర్ జేఈఈ రాయాలి. ఫార్మా బ్రాండ్ మేనేజ్‌మెంట్ కోరుకునే వాళ్ళకి మామూలు కాలేజీ ఎంబీఏ మార్కెటింగ్ కంటే ఇది వంద రెట్లు నయం అని నేను గట్టిగా అంటా. ముంబై ఎన్ఎంఐఎంఎస్‌లో కూడా ఫార్మా ఎంబీఏ ఉంది, ఫీజు ఎక్కువ.

ప్యూర్ మార్కెటింగ్, యాడ్స్, బ్రాండ్స్ అంటే అహ్మదాబాద్‌లో మైకా. కన్‌స్ట్రక్షన్ వైపు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే నిక్‌మార్, హైదరాబాద్ దగ్గర శామీర్‌పేట్‌లో క్యాంపస్ ఉంది, సివిల్ ఇంజనీర్లకి బాగుంటుంది. క్యాట్ బాగా రాయగలిగితే ఐఐఎం విశాఖపట్నం, ఇంకా మిగతా ఐఐఎంలు. నాలుగైదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఐఎస్‌బీ ఒక ఏడాది ప్రోగ్రామ్ చూడొచ్చు.

స్టెప్ 4: ఎంట్రన్స్, కాలేజీ చెకింగ్

ఐసెట్ రెండు రాష్ట్రాలకీ వేరు వేరుగా జరుగుతుంది, 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వ్‌డ్ వాళ్ళకి 45. అర్హత మార్కు 25 శాతమే, అందుకే "నేను ఐసెట్ క్వాలిఫై అయ్యా" అనే దానికి ఏమీ విలువ లేదు, ర్యాంకే అంతా. మంచి యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు కావాలంటే నాలుగు నెలలు సీరియస్‌గా చదవాలి. విభజన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది కాబట్టి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు కన్వీనర్ సీటుకి చూసేముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్ నిబంధన చదవండి, పాత సీనియర్ చెప్పింది ఇప్పుడు వర్తించకపోవచ్చు.

క్యాట్ నవంబర్ చివర్లో ఉంటుంది, రెండు గంటలు, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి నలభై నిమిషాలు. ఎక్స్ఏటీ జనవరిలో. హెల్త్‌కేర్ స్పెషలైజేషన్ ఇచ్చే కాలేజీలు చాలా సీమ్యాట్, మ్యాట్ కూడా తీసుకుంటాయి. లైఫ్ సైన్సెస్ వాళ్ళు లెక్కలు చూసి భయపడుతుంటారు, పదో తరగతి లెక్కలే ఎక్కువ, రోజూ గంట కూర్చుంటే వచ్చేస్తుంది.

ఇంక కాలేజీ చెకింగ్. "ప్లేస్‌మెంట్ వంద శాతం" అని బోర్డు మీద ఉన్న మాటని పక్కన పెట్టి, హెల్త్‌కేర్ స్పెషలైజేషన్‌లో పోయినేడాది ఎంతమంది చదివారు, వాళ్ళలో ఎంతమందికి ఏ పోస్టులో ఉద్యోగాలొచ్చాయి అని అడగండి. మొత్తం ఎంబీఏ బ్యాచ్ లెక్క చెప్పి తప్పించుకుంటారు, ఒప్పుకోకండి. పాఠం చెప్పే వాళ్ళలో హాస్పిటల్లో పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా. ఇంటర్న్‌షిప్ ఏ హాస్పిటల్లో, ఎన్ని వారాలు, ఒప్పందం కాగితం మీద ఉందా. కొన్ని చోట్ల సిలబస్‌లో హాస్పిటల్ అని ఉంటుంది గానీ రెండేళ్ళలో పిల్లలు ఒక్కసారి కూడా ఓటీ కాంప్లెక్స్ బయట నిలబడి చూసి ఉండరు. అలాంటి చోట చేరొద్దు. ఆన్‌లైన్ ఎంబీఏ అనుకుంటే యూజీసీ డిస్టెన్స్ బ్యూరో లిస్టులో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ కనపడాలి, యూనివర్సిటీ పేరు ఒక్కటీ కనపడితే సరిపోదు. యూజీసీ ఫేక్ యూనివర్సిటీల లిస్టు కూడా పెడుతుంది, ఒక నిమిషం పని, చూడండి.

స్టెప్ 5: విదేశం అయితే

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే.

అమెరికా. బిజినెస్ స్కూల్‌కి ఏఏసీఎస్‌బీ గుర్తింపు, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి సీఏహెచ్ఎంఈ గుర్తింపు ఉందా అనేది మొదటి చెక్. వాళ్ళ వెబ్‌సైట్లలోనే లిస్టు ఉంటుంది. రెండోది, చాలామంది పట్టించుకోనిది, సీఐపీ కోడ్. ప్రతి కోర్సుకీ ఒక కోడ్ ఉంటుంది, మీ ఐ 20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ప్రింట్ అవుతుంది. ఆ కోడ్ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) లిస్టులో ఉంటే 12 నెలల ఓపీటీకి (చదువయ్యాక అక్కడ పని చేసే అనుమతి) ఇంకో 24 నెలలు కలుస్తాయి, లేకపోతే 12 నెలలే. మామూలు ఎంబీఏ కోడ్, మామూలు మార్కెటింగ్ కోడ్ స్టెమ్ కాదు. మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ కింద నడిచే ప్రోగ్రామ్ అయితే స్టెమ్. బ్రోషర్‌లో పేరు ఒకేలా ఉన్నా ఒక యూనివర్సిటీలో స్టెమ్, పక్క యూనివర్సిటీలో కాదు. అందుకే అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి ఆరంకెల కోడ్ అడగండి, జవాబు దాచుకోండి.

ఓపీటీ తర్వాత హెచ్ వన్ బీ (ఉద్యోగ వీసా) కోటా ఏడాదికి 65 వేలు, అమెరికా మాస్టర్స్ వాళ్ళకి ఇంకో 20 వేలు. హెల్త్‌కేర్ వాళ్ళకి ఒక ఉపయోగం ఏంటంటే, యూనివర్సిటీలు, వాటితో అనుబంధం ఉన్న నాన్ ప్రాఫిట్ హాస్పిటళ్ళు ఈ కోటా లెక్కలోకి రావు. ఉద్యోగం వెతికేటప్పుడు యూనివర్సిటీ మెడికల్ సెంటర్లని లిస్టులో పైన పెట్టుకోండి. వీసా రూల్స్ తరచుగా మారుతున్నాయి కాబట్టి ఏ నిర్ణయమైనా తీసుకునే రోజున ప్రభుత్వ సైటే చూడండి, వాట్సాప్ గ్రూప్ కాదు.

క్లాసులకి వెళ్ళక్కర్లేదు, చేరిన రోజు నుంచే సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) మీద పని చేసుకోవచ్చు అని ఎవరైనా చెప్తే అక్కడితో ఫోన్ పెట్టేయండి. 2011లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ, 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, ఈ రెండు వీసా మోసం కేసుల్లోనూ ఇబ్బందిపడ్డ వాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది. ఫార్మింగ్టన్ అయితే అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. ఆ తల్లిదండ్రులు పడ్డ బాధ తలుచుకుంటే ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

కెనడా. హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్, మార్కెటింగ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, ఈ మూడింటిలో కాలేజీ సర్టిఫికెట్లు రెండు కలిపి రెండేళ్ళు చదివి మూడేళ్ళ వర్క్ పర్మిట్ తీసుకోవడం అనేది పాత దారి. 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్ అప్లై చేసిన వాళ్ళకి, కాలేజీ డిప్లొమా, సర్టిఫికెట్ అయితే అది ప్రభుత్వం చెప్పిన రంగాల లిస్టులో ఉంటేనే చదువు తర్వాత వర్క్ పర్మిట్. మామూలు బిజినెస్, మార్కెటింగ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్లు చాలావరకు ఆ లిస్టులో లేవు. యూనివర్సిటీ మాస్టర్స్‌కి ఈ లిస్టు వర్తించదు, పైగా రెండేళ్ళకంటే చిన్న మాస్టర్స్ అయినా మూడేళ్ళ పర్మిట్‌కి అవకాశం ఉంది. అంటే కెనడా వెళ్తే మాస్టర్స్‌కే వెళ్ళండి. ఇప్పటికీ పాత కథే చెప్పి సర్టిఫికెట్లలో చేర్పించే ఏజెంట్లు ఉన్నారు, కాలేజీ నుంచి వాళ్ళకి కమిషన్ వస్తుంది, మీ వర్క్ పర్మిట్ వాళ్ళ సమస్య కాదు.

యూకే ఒక ఏడాది మాస్టర్స్, తర్వాత గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్ళు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి అది 18 నెలలు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ వాళ్ళు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్ళలేరు, పెళ్ళైన వాళ్ళు ఇది ముందే ఆలోచించుకోవాలి.

మూడేళ్ళ డిగ్రీ వాళ్ళకి ఒక అదనపు మాట, అమెరికాలో చాలా యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయి, మీ బీకామ్, బీఎస్సీని ఒప్పుకుంటారా అని ముందే కనుక్కోండి. జీమ్యాట్ ఇప్పుడు రెండుంపావు గంటల పరీక్ష, జీఆర్ఈ రెండు గంటలు కూడా లేదు, రెండింటి స్కోరూ ఐదేళ్ళు పనికొస్తుంది, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్ళు. కాబట్టి జీఆర్ఈ ముందు, ఇంగ్లీష్ పరీక్ష తర్వాత.

స్టెప్ 6: డబ్బు లెక్క

ఒక కాగితం తీసుకుని ఫీజు, హాస్టల్, ఈ రెండేళ్ళు ఉద్యోగం చేసుంటే వచ్చే జీతం, లోన్ వడ్డీ నాలుగూ రాయండి. మూడోది ఎవరూ రాయరు. వచ్చే మొదటి జీతం స్టెప్ 1లో చేసుకున్న షీట్ నుంచి తీసుకోండి, కాలేజీ చెప్పే హైయెస్ట్ ప్యాకేజీ కాదు. నెల వాయిదా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటితే ఆ కోర్సు గురించి మళ్ళీ ఆలోచించండి. హాస్పిటల్ ఆపరేషన్స్‌లో ఇండియాలో మొదటి జీతాలు ఐటీతో పోలిస్తే తక్కువే ఉంటాయి, ఐదారేళ్ళ తర్వాత బాగా పెరుగుతాయి, అందుకే ఈ లైన్‌కి పెద్ద లోన్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే పీఎం విద్యాలక్ష్మి కింద షూరిటీ, తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ లిస్టులో ఉందా చూడండి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరు మీద ఓవర్సీస్ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు, నోటిఫికేషన్ వచ్చినప్పుడు సర్టిఫికెట్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరగకుండా ఆదాయం, కులం సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఎనిమిదేళ్ళ దాకా మినహాయింపు ఉంది, కానీ పాత ట్యాక్స్ విధానంలోనే.

స్టెప్ 7: ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో మీరు రాసే వ్యాసం), ఇంటర్వ్యూ

"చిన్నప్పటి నుంచి ప్రజాసేవ అంటే ఇష్టం" అని మొదలుపెట్టొద్దు, చదివే వాళ్ళకి అలాంటివి వందల్లో వస్తాయి. మీరు ఇంటర్న్‌షిప్‌లోనో, వార్డులోనో, మెడికల్ షాపులోనో కళ్ళారా చూసిన ఒక సమస్య రాయండి. ఉదాహరణకి, ఓపీలో పేషెంట్ టోకెన్ తీసుకున్నాక డాక్టర్ని చూడటానికి ఎంతసేపు ఆగుతున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు, ఎందుకు. దాన్ని సరిచెయ్యడానికి మీకు ఏం తెలియదో రాయండి, ఆ తెలియనిది ఈ కోర్సులో ఏ సబ్జెక్టులో నేర్పుతారో రాయండి. అంతే, ఒక పేజీ చాలు. కన్సల్టెన్సీ రాసిచ్చింది మాత్రం పంపొద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

స్టెప్ 8: చదివే రెండేళ్ళలో ఒక్క మంచి ప్రాజెక్ట్

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ప్రాజెక్ట్ రిపోర్ట్ అంటే అమీర్‌పేట్‌లో కొని బైండింగ్ చేయించేది అనుకునే వాళ్ళు ఉన్నారు, వాళ్ళు తమకి తామే అన్యాయం చేసుకుంటున్నారు. ఒక్క డిశ్చార్జ్ టైమ్ మీద పని చేస్తే చాలు, ఈ మూడు సబ్జెక్టులూ అందులోనే నేర్చుకోవచ్చు.

డాక్టర్ గారు పొద్దున్న రౌండ్స్‌లో "ఇవాళ ఇంటికెళ్ళొచ్చు" అంటారు. పేషెంట్ మాత్రం సాయంత్రం దాకా బెడ్ మీదే ఉంటాడు. మధ్యలో ఏం జరిగింది? డ్యూటీ డాక్టర్ సమ్మరీ రాయాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగి పంపాలి, రావాల్సిన ల్యాబ్ రిపోర్టులు రావాలి, బిల్లింగ్ వాళ్ళు అన్నీ కలపాలి, ఇన్సూరెన్స్ అయితే ఫైనల్ బిల్లు టీపీఏకి (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే మధ్య సంస్థ) వెళ్ళి అప్రూవల్ రావాలి, అప్పుడు డబ్బు కట్టి గేట్ పాస్, ఆ తర్వాత బెడ్ శుభ్రం చేస్తే కొత్త పేషెంట్. 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. అయినా పేషెంట్ ఏడు గంటలు ఆగాడంటే మిగతా టైమ్ హాస్పిటల్ లోపలే పోయిందన్నమాట.

చెయ్యాల్సిన పని ఇది. హాస్పిటల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, పేషెంట్ పేర్లు, ఫోన్ నంబర్లు మీ షీట్‌లో ఉండకూడదు. రెండు మూడు వారాలు ప్రతి డిశ్చార్జ్‌కి ఒక్కో మెట్టు దగ్గర గడియారం చూసి టైమ్ రాసుకోండి. సిస్టమ్‌లో ఉన్న టైమ్ నమ్మొద్దు, చాలాచోట్ల షిఫ్ట్ చివర్లో అన్నీ కలిపి ఎంటర్ చేస్తారు. క్యాష్ పేషెంట్లు, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ మూడూ వేరుగా పెట్టండి, కలిపి సగటు తీస్తే ఏమీ తెలీదు. సగటుతో పాటు మీడియన్ (అన్నీ వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె) చూడండి, ఎందుకంటే రెండు మూడు చిక్కు కేసులు సగటుని లాగేస్తాయి. ఎక్కువ టైమ్ పోతున్న మెట్టు దొరికాక, అక్కడ పని చేసే వాళ్ళతో కూర్చోండి, తప్పు పట్టడానికి కాదు, వాళ్ళకి ఏం అడ్డమొస్తోందో అడగడానికి. తరచుగా బయటపడేది ఏంటంటే, సమ్మరీ ముందురోజు రాత్రే సగం రాసి పెట్టొచ్చు, మందుల వాపసు కూడా ముందురోజే మొదలుపెట్టొచ్చు.

ఒక వార్డులో మాత్రమే నెల రోజులు అలా చేసి చూడటం, దానికి ఎవరు ఏం చెయ్యాలో ఒక పేజీలో రాయడం, వారం వారం మీటింగ్, ఆలస్యమైతే ఎవరికి చెప్పాలో నిర్ణయించడం, ఇదే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. పేషెంట్ కుటుంబానికి ముందురోజు సాయంత్రమే "రేపు ఇంటికి, సుమారు ఇంత బిల్లు, ఈ కాగితాలు రెడీ చేసుకోండి" అని తెలుగులో స్పష్టంగా చెప్పే ఒక చీటీ తయారుచెయ్యడం, అది చదివి వాళ్ళకి అర్థమైందా అని పదిమందిని అడిగి మార్చడం, ఇది మార్కెటింగ్‌లో అసలు పాఠం. మార్పుకి ముందు అంకెలు, తర్వాత అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ ఇంటర్వ్యూలోనైనా అరగంట మాట్లాడొచ్చు, పైగా మేనేజ్‌మెంట్ వాళ్ళే ఉండిపొమ్మని అడిగిన సందర్భాలున్నాయి.

ఫార్మసీ బ్యాక్‌గ్రౌండ్ వాళ్ళయితే ఇదే పద్ధతిలో స్టోర్స్‌లో ఏబీసీ వీఈడీ ఎనాలిసిస్ చెయ్యండి, ఏ మందులకి డబ్బు ఎక్కువ ఇరుక్కుంది, ఏది అయిపోతే ప్రాణం మీదకొస్తుంది అని రెండు కోణాల్లో విడగొట్టడం.

స్టెప్ 9: సర్టిఫికెట్లు, మొదటి ఉద్యోగం

పీఎంపీ (పీఎంఐ అనే సంస్థ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) మీద మోజు ఎక్కువ. దానికి డిగ్రీ ఉన్నవాళ్ళకి 36 నెలల ప్రాజెక్ట్ అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి, ఫ్రెషర్‌కి అర్హతే ఉండదు. అనుభవం ఉన్నట్టు రాసిపెడతాం అనే ట్రైనింగ్ సెంటర్లు ఉంటాయి, పీఎంఐ ఆడిట్ చేస్తుంది, ఆ పని చెయ్యకండి. ఫ్రెషర్లకి పీఎంఐదే సీఏపీఎం ఉంది, 23 గంటల శిక్షణ చాలు, అనుభవం అక్కర్లేదు. పీఎంఐకి చెందిన జీఏసీ గుర్తింపు ఉన్న డిగ్రీ అయితే పీఎంపీ అనుభవంలో 12 నెలలు తగ్గుతాయి, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఎంచుకునేటప్పుడు ఇది అడగండి. వీటన్నిటికంటే ముందు ఎక్సెల్ బాగా నేర్చుకోండి, పివట్ టేబుల్ రాని ఎంబీఏని ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ ఆనందంగా తీసుకోరు. తర్వాత పవర్ బీఐ, ఓపికుంటే ఎస్‌క్యూఎల్.

మొదటి ఉద్యోగంలో హోదా పేరు చూసి మోసపోకండి. "మేనేజర్" అని కార్డు మీద ఉండి రోజంతా ఫ్రంట్ డెస్క్‌లో కూర్చోబెట్టే చోటు కంటే, "ఎగ్జిక్యూటివ్" అని ఉన్నా బెడ్ మేనేజ్‌మెంట్, బిల్లింగ్, ఇన్సూరెన్స్ మూడింటిలో తిప్పి నేర్పే చోటు మేలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక బాండ్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా, నైట్ డ్యూటీ మేనేజర్ రొటేషన్ వారానికి ఎన్నిసార్లు, నోటీస్ పీరియడ్ ఎంత, వేరియబుల్ పే దేని మీద లెక్కేస్తారు అని మెయిల్‌లోనే అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. ఒరిజినల్స్ మాత్రం ఎక్కడా ఇవ్వొద్దు, జిరాక్స్ కాపీలు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చేసుకోండి.